సౌలు కవచము – దావీదు వడిసెల

(వ్యాయామము మొదలుపెట్టి మానివేయువారికొరకు ఒక పాఠము)

చదువవలసిన వాక్యభాగములు: 1 సమూయేలు 17:31-40; 2 సమూయేలు 6:12-22; జెకర్యా 8:4-5; అపొస్తలుల కార్యములు 20:13; 1 తిమోతి 4:7-8.



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలోని మన సంఘములయందు, ఆరాధన ముగిసిన పిమ్మట ప్రార్థనకొరకు ముందుకు వచ్చువారిని కొంతకాలముగా గమనించుచున్నాను. పూర్వము జ్వరమనియు, వానలు లేవనియు, బిడ్డకు సంబంధము కుదరలేదనియు వచ్చెడివారు. ఆ సంగతులు ఇప్పుడును ఉన్నవి గాని వాటికంటె ఎక్కువగా మూడు మాటలు వినబడుచున్నవి: షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు. "డాక్టరుగారు ఏమి చెప్పిరి?" అని అడిగినచో, పదిమందిలో తొమ్మండుగురు ఒకే జవాబు చెప్పెదరు: "రోజూ నడువుమన్నడయ్యా." "మరి నడచుచున్నావా?" అంటిమా, తల వంచుకొందురు. నాలుగు దినములు నడిచి మానివేసిరి.

నడక మంచిదని రుజువు చేయుట ఈ పాఠము యొక్క ఉద్దేశము కాదు. ఆ సంగతి ఎరుగనివారు మన గ్రామములలో లేరు. తెలిసియుండియు ఎందుచేత మానుచున్నాము, మానకుండ ఉండుటకు ఏమి చేయవలెను అన్నదే ఇక్కడ మనము విచారింపవలసిన ప్రశ్న.

మొదట ఒక ఆక్షేపణకు జవాబు చెప్పవలెను. వ్యాయామము మాట యెత్తగానే వాక్యము బాగుగా చదివిన పెద్దలు కొందరు తిమోతి పత్రికను ముందుకు తెచ్చెదరు. శరీర సాధకమువలన లాభము కొంచెమేనని పౌలే వ్రాసెను గదా, భక్తికి సమయము చాలనప్పుడు నడకకు సమయమెక్కడిదని వారి వాదము. సహోదరులారా, పౌలు అక్కడ కొంచెమనెనే గాని శూన్యమనలేదు. దేవభక్తి ఇహమునకును పరమునకును పనికివచ్చును, వ్యాయామము ఇహమునకు మాత్రమే పనికివచ్చును. ఆ రెంటిని త్రాసులో వేసినప్పుడు వ్యాయామము తేలికయగును. కాని ఇహమందు నడువవలసినది ఈ కాళ్లతోనే గదా! పౌలు ఏమి వ్రాసెనో చూచితిమి గనుక ఏమి చేసెనో కూడ చూతము. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములో అతని స్నేహితులందరు త్రోయనుండి ఓడయెక్కి అస్సుకు పోయిరి. పౌలు మాత్రము తాను కాలినడకను వచ్చెదనని చెప్పి నేలదారిన బయలుదేరెను. ఆ దూరము ఇంచుమించు 20 మైళ్లు. సూర్యాపేటనుండి బయలుదేరి కోదాడ దారిలో సగమునకు పైగా పోవుటతో సమానము. ఓడ సిద్ధముగా ఉండగా ఎందుకు నడిచెనో లూకా వ్రాయలేదు. ఏకాంతముగా ప్రార్థించుటకని కొందరు వ్యాఖ్యాతలు తలంచుచున్నారు. అట్లే అయినచో ప్రార్థనకును నడకకును వైరము లేదని అతడే చూపినట్లాయెను.

మరియొక మాట. మన శరీరము దేవాలయమను వాక్యమును వ్యాయామమునకు చేర్చి బోధించుట వాడుక. ఆ అధ్యాయములో పౌలు మాటలాడుచున్నది జారత్వమునుగూర్చి, నడకనుగూర్చి కాదు. వాక్యమును దాని చోటునుండి పెరికి తెచ్చి మన పనికి వాడుకొనుట నాకు ఇష్టము లేదు. శరీరము దేవుడిచ్చినది గనుక దానిని కాపాడుకొనవలెనన్నచో చాలును.

మన తాతలకు ఈ పాఠము అక్కర లేకపోయెను. సంతకును నడకయే, పొలమునకును నడకయే, పొరుగూరి కూటములకును నడకయే. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి; 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువ నీరు పారినందున మిర్యాలగూడ, హుజూరునగరు, కోదాడ ప్రాంతముల మెట్టభూములు మాగాణులాయెను. మిర్యాలగూడ చుట్టును బియ్యపు మిల్లులు లేచెను. ఇది దేవుని దీవెనయే. వెంబడి ట్రాక్టరు వచ్చెను, కోతమిషను వచ్చెను, మోటారు సైకిలు వచ్చెను, వాకిటిలోనికి ఆటో వచ్చెను. కడుపునిండ వరియన్నము మిగిలెను గాని దానిని అరిగించిన నడక మిగులలేదు.

ఇప్పటి లెక్కలు వినుడి. 2023వ సంవత్సరములో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలివారి సర్వే ప్రకారము మన దేశములో 10 కోట్లమందికి పైగా చక్కెర వ్యాధి కలవారున్నారు. 2022 నాటి సంగతి చెప్పుచు 2024లో వెలువడిన మరియొక పరిశోధన, మన దేశపు పెద్దవారిలో ఇంచుమించు సగముమందికి చాలినంత శరీర శ్రమ లేదనియు, ఆ కొరత పురుషులకంటె స్త్రీలలో ఎక్కువనియు తేల్చినది.

చాలినంత అనగా ఎంత? పెద్దవారు వారమునకు తక్కువలో తక్కువ 150 నిమిషములు ఒక మాదిరి శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. దినమునకు అరగంట చొప్పున అయిదు దినములు. ఒక మాదిరి అనగా, నడచుచు ప్రక్కవానితో మాటలాడగలము గాని కీర్తన పాడలేము, అంత వడి. పాట పాడగలుగుచున్నారంటే ఇంకొంచెము త్వరపడవచ్చును; మాటకూడ రాకపోయినచో తగ్గింపవలెను. ఇది వైద్యులు చెప్పు కొలతయే. గడియారమైనను అక్కరలేదు. ఇంకొక శుభవార్త కలదు. పది నిమిషములకు తక్కువైన నడక లెక్కకు రాదని పూర్వము చెప్పెడివారు. 2020లో ఆ సంస్థవారు ఆ నియమమును తీసివేసిరి. ఎంత కొంచెమైనను లెక్కకు వచ్చును. కొంచెమను మాటను పట్టుకొని వాదించిన పెద్దలు దీనిని గమనింతురు గాక!

నడచునప్పుడు లోపల జరుగు పని ఇది: తొడల కండలు, పిక్కల కండలు పనిచేయుటకు రక్తములోని చక్కెరను లోనికి లాగుకొనును. ఇన్సులిన్ సరిగా పనిచేయని వారిలో సహితము ఈ లాగుకొనుట జరుగును. నడక ఆగిన తరువాతను కొన్ని గంటలపాటు ఆ గుణము నిలుచును. అందుచేతనే భోజనమైన పిమ్మట పది పదునైదు నిమిషములు మెల్లగా నడచుట చక్కెర వ్యాధివారికి మిక్కిలి మేలు. మందుబిళ్లవలె ఇదియు ఏ దినపు పని ఆ దినమే చేయును గనుక నిన్నటి నడక ఎల్లకాలము నిలువదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది. ఒక దినము చేయుట అందరికిని చేతనగును.

దినదినము నాట్లు వేయుచు, కలుపు తీయుచు, మిల్లులలో బస్తాలు మోయుచున్న సహోదరీ సహోదరులు ఈ పాఠమును చదివి, "మాకు ఇంకను వ్యాయామమా?" అని నవ్వుకొందురేమో. నిజమే, పని దినములలో మీకు కావలసినది విశ్రాంతి. అయితే పనిలేని నెలలు కొన్ని యుండును. ఆ నెలలలో మంచము దిగని అలవాటు పడినయెడల, అప్పుడు ఈ మాటలు మీకును చెందును.

ఇక అసలు సంగతికి వత్తము. మానకుండ చేయించునవి నాకు మూడు కనబడుచున్నవి: సంతోషము, ధైర్యము, మన స్వభావమునకు తగిన రీతి. మొదటిదానిని గూర్చి ఎక్కువ చెప్పవలసియున్నది, ఏలయనగా మనము అన్నిటికంటె మరచినది దానినే.

క్రిస్మసు కాలమున కేరల్సుకు బయలుదేరు రాత్రులను జ్ఞాపకము చేసికొనుడి. డోలకు, తాళములు, గంట, ముందొక నక్షత్రము. రాత్రి ఎనిమిది గంటలకు మొదలై తెల్లవారుజామువరకు ఇంటింటికి తిరుగుదుము. ఒక్కొక్క రాత్రి అయిదారు మైళ్లు నడుతుము. చలిలో, చీకటిలో, కుక్కలు మొరుగుచుండగా నడుతుము. ఎవరైనను అలసితిమని చెప్పిరా? మరునాడు రానని ఎవరైనను ఇంట కూర్చుండిరా? వద్దన్నను పిల్లలు వెంటబడెదరు. అరువది యేండ్ల తల్లులు చెప్పులు చేతబట్టుకొని వత్తురు. అదే తల్లిని జనవరి నెలలో అరమైలు నడువుమన్నచో, "కాళ్లు గుంజుతున్నయి నాయనా" అనును. కాళ్లు అవే. మారినదేమి? డిసెంబరులో పాట యుండెను, తోడు యుండెను, వాకిట ఎదురుచూచువారుండిరి. జనవరిలో డాక్టరు భయము మాత్రమే యున్నది. భయము మనిషిని మంచముమీదినుండి లేపగలదు గాని ఏడాదిపొడుగున నడిపింపలేదు.

జెకర్యా ప్రవక్త యెరూషలేము తిరిగి బాగుపడు దినమును వర్ణించుచు ఏమి చూపెను? వీధులలో చేతికఱ్ఱలు పట్టుకొని కూర్చున్న వృద్ధులు, ఆ వీధులలోనే ఆటలాడుచున్న మగపిల్లలు, ఆడపిల్లలు. దేవుడు బాగుచేసిన పట్టణమునకు ఆటయే ఆనవాలు. ఆడపిల్లలును అని ప్రవక్త ప్రత్యేకముగా చెప్పుటను నేను ఊరక విడిచిపెట్టలేను. మన గ్రామములలో పదునాలుగేండ్లు వచ్చిన ఆడబిడ్డ ఆట మానవలసినదేనని ఎవరు చట్టము చేసిరి?

వాలీబాలు కథ మీలో కొందరికైనను తెలియదేమో. మన గ్రామపు బడి ఆవరణలో, సాయంకాలము రెండు గుంజలకు వల కట్టి ఆడు ఆ ఆట పుట్టినది ఒక క్రైస్తవ సంస్థలోనే. అమెరికా దేశములో మసాచుసెట్సు రాష్ట్రమందు హోల్యోకు అను పట్టణములో, వై.ఎమ్.సి.ఎ. అను క్రైస్తవ యౌవనస్థుల సంఘమునందు విలియం మోర్గను అనునతడు వ్యాయామ శిక్షకుడుగా ఉండెను. అంతకు నాలుగేండ్ల ముందు, 1891లో, అదే సంఘమువారి స్ప్రింగ్‌ఫీల్డు పాఠశాలలో జేమ్సు నైస్మితు బాస్కెట్‌బాలును కల్పించియుండెను. ఆ ఆట పడుచువారికి బాగుండెను గాని మోర్గను దగ్గరకు వచ్చు నడిప్రాయపు వర్తకులు పరుగెత్తలేకపోయిరి, ఒకరినొకరు తాకి పడిపోవుచుండిరి. "మీకు ఓపిక లేదు, పొండు" అని అతడు వారిని పంపివేయలేదు. వారికి తగిన ఆట ఏదని ఆలోచించెను. టెన్నిసు వలను పైకెత్తి, నేలనుండి ఆరడుగుల ఆరంగుళముల యెత్తున కట్టి, బంతిని చేతులతో ఇటునుండి అటు కొట్టించెను. పరుగు తక్కువ, తాకిడి లేదు, నవ్వు ఎక్కువ. అది 1895వ సంవత్సరము. మొదట దానికి మింటొనెట్ అని పేరు పెట్టెను. మరుసటి యేట ఇప్పటి పేరు వచ్చెను. ఆ సంఘమువారే తమ శాఖలద్వారా దానిని దేశదేశములకు మోసికొనిపోయిరి. మద్రాసులో హ్యారీ క్రో బక్ అను అదే సంఘపు సేవకుడు 1920లో వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించెను. మన బడులలో ఈల పట్టుకొని నిలుచు డ్రిల్లు మాష్టరుగారి ఉద్యోగమునకు అటువంటి కళాశాలలే మూలము.

ఈ కథలో నాకు నచ్చినది ఇది: అలసిన నడివయసు మనుష్యులను ఆటకు తగినట్లు మార్చుటకు మారుగా, ఆ మనుష్యులకు తగినట్లు ఆటనే మార్చెను.

రెండవది ధైర్యము. ఇక్కడ నా సంగతి చెప్పుకొనక తప్పదు. నాకును డాక్టరు నడువుమనెను. మరునాడే బూట్లు కొంటిని. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, మొదటి దినమే మూడు మైళ్లు, రెండవ దినము నాలుగు మైళ్లు నడిచితిని. తొమ్మిదవ దినమున మడమ వాచెను. పదియవ దినమున వాన పడెను. పదకొండవ దినమునుండి బూట్లు మంచము క్రింద చేరినవి. వాటిని చూచినప్పుడెల్ల, "నా చేత కాదు" అని మనస్సులో ఒక మాట మెదలెడిది. తరువాత మూడేండ్లపాటు ఆ మాటయే నన్ను కూర్చుండబెట్టినది. బలము లేక మానలేదు సహోదరులారా, ఓడిపోయితినను తలంపుచేత మానితిని.

ఆల్బర్టు బండూరా అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1977లో ఈ సంగతినిగూర్చి వ్రాసెను. ఇది నా చేత అగును అను నమ్మకము నాలుగు దారులలో వచ్చునట: తాను స్వయముగా చేసి నెగ్గినందున, తనవంటివారు చేయుట చూచినందున, ఇతరులు ధైర్యము చెప్పినందున, తన శరీరము కుదుటగా ఉన్నందున. వీటిలో మొదటిదే మిక్కిలి బలమైనదని అతని అభిప్రాయము. మనము బండూరాకు ముందే దీనిని చదివియున్నాము. గొల్యాతు ఎదుటికి పోవుటకు దావీదుకు ధైర్యమెట్లు వచ్చెను? సౌలు అడిగినప్పుడు అతడు చెప్పినదేమి? గొఱ్ఱెలను కాయుచుండగా సింహము వచ్చెను, ఎలుగుబంటి వచ్చెను. వాటినుండి తప్పించిన దేవుడే వీనినుండియు తప్పించునని చెప్పెను. సింహమును, ఎలుగుబంటిని దాటకుండ ఎవడును తిన్నగా గొల్యాతు దగ్గరకు పోడు. నేను మొదటి దినమే మూడు మైళ్లు నడిచి చేసిన తప్పు అదియే.

మన పాత నల్లగొండ జిల్లాలోని భువనగిరి కొండను మీరు చూచియే యుందురు. ఒకే బండగా నున్న ఆ కొండమీద, నిజామాబాదు ప్రాంతపు గిరిజన బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మము జిల్లా బాలుడు సాధనపల్లి ఆనంద్ కుమార్ మొదట బండ యెక్కుట నేర్చిరి. ఇద్దరును ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకులములలో చదువుకొన్న బీదల పిల్లలు. భువనగిరి తరువాత డార్జిలింగు, ఆ తరువాత లడాకు మంచుకొండలు. 2014 మే 25వ తేదీన ఇద్దరును ఎవరెస్టు శిఖరము మీద నిలిచిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు ఇంకను నిండలేదు. ఎవరెస్టునుగూర్చి అందరును చెప్పుకొందురు. నేను మాత్రము భువనగిరి రైలుస్టేషను మీదుగా పోవునప్పుడెల్ల, మొదటి దినమున ఆ బండకు తాడు కట్టుకొని నిలిచిన ఆ పిల్ల కాళ్లు ఎంత వణకియుండునో అని తలంచుకొందును.

కాబట్టి క్రొత్తగా నడక మొదలుపెట్టు వారికి నా సలహా: సిగ్గు పడునంత కొంచెముతో మొదలుపెట్టుడి. ఇంటినుండి వేపచెట్టువరకు పోయి రండు. వారము దినములు అంతే. "ఇంతేనా?" అని మీకే అనిపింపవలెను. రెండవ వారము బడివరకు. ఒక దినము తప్పినచో మరునాడు రెట్టింపు నడువ ప్రయత్నింపవద్దు. ఎప్పటివలె వేపచెట్టుకే పొండు. మూడేండ్ల తరువాత నేను మరల లేచినది ఈ రీతిగానే. ఇప్పటికిని నా నడక రెండు మైళ్లు దాటదు.

ధైర్యమును చెరుపునది ఇంకొకటి కలదు: కిటికీ. దేవుని మందసము పట్టణములోనికి వచ్చుచుండగా దావీదు తన శక్తికొలది గంతులు వేసెను. మీకాలు కిటికీలోనుండి చూచి హృదయములో అతని హీనపరచెను. మన గ్రామములలో ప్రతి వీధికిని ఒక మీకాలు కిటికీ యున్నది. పొద్దుననే నడకకు బయలుదేరిన తల్లిని చూచి, "ఏం పిన్నీ, పని లేదా, రోడ్డు కొలుస్తున్నవ్?" అని నవ్వుదురు. పురుషునికి ఈ మాట పడదు, స్త్రీకే పడును. స్త్రీలలో శ్రమ కొరత ఎక్కువని లెక్కలు చెప్పినప్పుడు, దానికి కారణము బద్ధకమని తీర్పు తీర్చుటకు ముందు ఈ కిటికీలను లెక్కింపవలెను. దావీదు మీకాలు మాటకు లొంగలేదు. ఇంతకంటె తక్కువవాడనగుటకైనను సిద్ధమేయని చెప్పెను. ఒంటరిగా అంత ధైర్యము అందరికి ఉండదు గనుక ముగ్గురు నలుగురు కలిసి పొండు. నలుగురిని చూచి నవ్వు కిటికీ తక్కువ. స్త్రీల మైత్రి కూటమువారు కూటమునకు పోవుచు వచ్చుచు ఆటో విడిచి కలిసి నడిచినచో, సగము పని అయినట్లే.

మూడవది మన స్వభావమునకు తగిన రీతి. సౌలు దావీదును యుద్ధమునకు పంపుచు తన రాగి శిరస్త్రాణమును, కవచమును అతనికి తొడిగించెను. సౌలు చేసినది ప్రేమతోనే. ఆ కవచము మంచిదే, రాజు ధరించునది. దావీదు కత్తి కట్టుకొని రెండడుగులు వేసి చూచి, ఇవి నాకు అలవాటు లేదని చెప్పి విప్పివేసెను. ఏటిలో నున్నని రాళ్లు అయిదు ఏరుకొని, చేత కఱ్ఱయు వడిసెలయు పట్టుకొని బయలుదేరెను. వడిసెల అతని పనిముట్టు. గొఱ్ఱెల వెంట తిరిగినన్నాళ్లు అతని చేయి దానికి అలవాటైయుండెను.

మనకిప్పుడు సౌలు కవచములు చాల వచ్చినవి. ఫోనులో ఒక పడుచువాడు ఇనుప గుండ్లెత్తి చూపును. పట్టణమునుండి వచ్చిన కుమారుడు తండ్రికి బిగుతు లాగు, రంగు బూట్లు కొనిపెట్టును. పార్కులో నడువుమందురు, మన ఊరిలో పార్కు ఎక్కడ? తండ్రికి ఆ లాగు తొడుగుకొని బజారున పోవుటకు సిగ్గు. నాలుగు దినములు ఓర్చుకొని మానివేయును. ఆ తండ్రి పంచె కట్టుకొని, చేతికఱ్ఱ పట్టుకొని, కాలువ గట్టు వెంబడి పొలము చూచివత్తునని బయలుదేరినచో ఎవరు వద్దందురు? నడకయని పేరు పెట్టకున్నను కాళ్లకు అది నడకయే. సైకిలు తొక్కగలవాడు సైకిలు తొక్కును. డోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు 1912లో అభిషేకము పొంది, 1945లో మరణించువరకు, ఎడ్లబండ్లమీదను సైకిలుమీదను గ్రామములు తిరిగిరని చరిత్రలో చదువుచున్నాము. దానిని ఆయన వ్యాయామమని తలంచియుండరు. పెరటిలో కూరపాదులు వేయు తల్లికి గునపము చాలును. కోలాటము వచ్చినవారికి కోలాటము చాలును. ఎరిక్ లిడ్డెలు తల వెనుకకు విరుచుకొని, చేతులు ఇష్టము వచ్చినట్లు విసరుచు పరుగెత్తెడివాడు. చూచువారికి వింతగా ఉండెను. అదే పరుగుతో 1924లో పారిసు ఒలింపిక్సులో 400 మీటర్లు 47.6 సెకండ్లలో ముగించి స్వర్ణపతకము గెలిచెను. తరువాత చైనాలో మిషనెరీగా పనిచేసి, 1945లో జపానువారి నిర్బంధ శిబిరములో మరణించెను. ఆ శిబిరములోని పిల్లలచేత ఆటలాడించుట అతని కడవరి పనులలో ఒకటి.

మన ప్రాంతమున మరియొక భారము కలదు. నల్లగొండ జిల్లా నీటిలోని ఫ్లోరైడువలన ఎముకలు, కీళ్లు బిగుసుకొనిపోయినవారు మన సంఘములలో ఉన్నారు. వారిని చూచి "నడిచితే అంతా పోవును" అని చెప్పుట నిర్దయ. వారు కుర్చీలో కూర్చుండి చేతులెత్తుట, మడమలెత్తుట వంటివి డాక్టరునడిగి చేయవచ్చును; వారి కొలతను మరియొకని కొలతతో పోల్చరాదు.

కొన్ని జాగ్రత్తలు త్వరగా చెప్పెదను. చక్కెర వ్యాధివారు వట్టికాళ్లతో నడువరాదు. పాదములో స్పర్శ తగ్గియున్నచో ముల్లు గుచ్చుకొన్నను తెలియదు. ఇన్సులినుగాని మాత్రలుగాని తీసికొనువారు చిన్న బెల్లపు ముక్కను కొంగున కట్టుకొని పొండు. కన్నులు తిరిగి చెమట పట్టినచో అది పనికివచ్చును. రొమ్ములో నొప్పిగాని బిగింపుగాని కలిగినచో వెంటనే ఆగి ఆసుపత్రికి పోవలెను; ప్రార్థన దారిలో చేయవచ్చును. పెద్ద రోడ్డు అంచున చీకటిలో నడువవద్దు. హైదరాబాదు–విజయవాడ రోడ్డుమీద లారీల వేగము మీకు తెలిసినదే.

ఈ నెల గృహకూటములలో ఈ భాగములు చదివినప్పుడు ఒకరినొకరు ఇట్లు అడుగుకొనుడి: నీవు చిన్నతనమున ఏ ఆట ఆడుచు చీకటి పడినను ఇంటికి పోకపోతివి? ఇప్పుడు నీ మంచము క్రింద ఉన్న కవచము ఏది, దానిని నీకు ఎవరు తొడిగించిరి? మన వీధిలో ఎవరి కిటికీకి భయపడి ఎవరు ఇంట కూర్చున్నారు? మూడవ ప్రశ్నకు జవాబు చెప్పుట కష్టముగా ఉండవచ్చును, ఏలయనగా ఆ కిటికీ మనదే కావచ్చును.

మా సంఘములో ఒక చిన్న ఏర్పాటు జరిగినది. గుడి ఆవరణలోని రెండు వేపచెట్లకు, శనివారము సాయంకాలములలో వల కట్టుటకు పెద్దలు ఒప్పుకొనిరి. యౌవనస్థులు వలను తమ యెత్తుకు కట్టవలెనని పట్టుబట్టిరి. పురుషుల సహవాసములోని అరువదియేండ్లవారు, మోర్గను కట్టిన ఆరడుగుల ఆరంగుళములకే కట్టవలెనని వాదించి గెలిచిరి. ఆడపిల్లలకు మొదటి అరగంట ఇయ్యబడినది. వల మాష్టరుగారు ఇచ్చిరి. బంతి ఎవరు తెచ్చెదరో అది మాత్రము ఇంకను తేలలేదు.